బెత్తెడు ఎత్తు

రాత్రి ఎనిమిదింటికి వస్తామన్నారు ముగ్గురూ.
మధ్యాహ్నమే పట్నంబజారు వెళ్ళాను
అరకిలో చామంతులకి.
దండ కట్టనా అమ్మా, అన్నాడు పూలబ్బాయి.
వద్దు, విడిపూలే. కాడలుంచు.
కాడలెందుకండీ, దేవుడికి పనికిరావుగా?
దేవుడికి కాదయ్యా, అన్నానికి.
వాడు నన్ను చూసిన చూపుకి
తూకంలో రెండు పూలు ఎక్కువ పడ్డాయి.

వాడి తప్పేముంది.
మనకి పువ్వంటే జడకి, పటానికి,
చివర్లో ఒకసారి పాడెకి.
కంచం పక్కన పువ్వు పెట్టడం
నేను మాత్రం ఎక్కడ చూశాను!

బ్రాడీపేటలో ఈ పోర్షన్‌కి వచ్చాక కొన్నాను టేబులు,
నాలుగు కుర్చీలది.
ఇన్నాళ్ళూ దాని చుట్టూ
ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలే కూర్చున్నాయి.

పూలగిన్నె లేదు.
అటక మీద నా కిడ్నీ ట్రే ఉంది,
ఎనామిల్ రెండుచోట్ల పెచ్చులూడింది,
ఆస్పత్రివాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నది.
ఇరవై నిమిషాలు మరిగించాను.
అవసరం లేదు. చెయ్యి ఊరుకోదు.

కాడలు నీళ్ళలో ఉంచే ఏటవాలుగా కోశాను,
బ్యాండేజీ కత్తెర ఇంకా బాగానే తెగుతోంది.
కింది ఆకులు దూసేశాను, మునిగితే కుళ్ళుతాయి.
చిటికెడు పంచదార.
ముందు నిలువుగా పెట్టి చూశాను, దర్జాగానే ఉంది.
కూర్చుని చూస్తే
ఎదుటి కుర్చీ కనపడలేదు.
కోశాను. ఇంకా కోశాను.
బెత్తెడు.
అంతకు మించితే అవి పూలు కావు,
మంచానికీ మంచానికీ మధ్య లాగే ఆకుపచ్చ తెర.

లిల్లీలు తేలేదు,
వాటి వాసన ముందు గోంగూర మాంసం ఓడిపోతుంది.
బాల్కనీ కుండీలో ముదిరి పూతకొచ్చిన కొత్తిమీర
తెల్లగా, నురగనురగగా, సందుల్లో సరిపోయింది.
పాలతను పెదనందిపాడు నుంచి తెచ్చిన
పగిలిన పత్తికాయల కొమ్మ ఒకటి.
దూదిని చూస్తే నాకు స్పిరిట్ వాసనొస్తుంది.
అయినా పెట్టాను.

ఇక డిసెంబరాలు.
పొద్దున్నే గోడవారన కోసి
తడి గాజుగుడ్డలో చుట్టి ఉంచినవి.
ఖాళీ ఇంజెక్షన్ సీసాలో ఒక్కొక్కటి,
కంచానికో సీసా.

డ్యూటీలో తలలో పూలు పెట్టుకోకూడదు మేము.
ఇంటి దగ్గర పెట్టుకున్నవి తీసి
ఇలాంటి ట్రేలోనే, ఇలాంటి తడిగుడ్డ కిందే దాచేవాళ్ళం.
మార్తమ్మ కనకాంబరాలు, ఖుర్షీద్ మల్లెలు,
రమాసుందరి పూలకన్నా మరువమే ఎక్కువున్న దండ.
ఆరింటికి తీసేసరికి సగం వాడి ఉండేవి.
ఆ సగాన్నే తురుముకుని రిక్షా ఎక్కేవాళ్ళం.

ఇరవై ఆరేళ్ళ నైట్లు.
నలుగురం ఒక్కసారి కూర్చుని తిన్నది లేదు.
ఒకరు తింటుంటే ముగ్గురు వార్డులో.
నిలబడే, డబ్బా మూతలోనే,
నా పప్పులో సగం ఖుర్షీద్‌కి ఉంచి,
ఎప్పుడో మూడింటికి ఆమె తింటే
ఖాళీ డబ్బాలో ఒక ఖర్జూరం ఉండేది.

వచ్చారు.
ఖుర్షీద్ మోకాలు పట్టుకుని మెట్లెక్కింది.
మార్తమ్మ బల్ల కేసి చూసింది.
ఒసేయ్, ఇందులో వాంతులు పట్టలేదూ మనం!
మరిగించానే, అన్నాను.
ఎన్ని నిమిషాలు? అంది రమాసుందరి,
నవ్వకుండా.

వడ్డించాను. కూర్చున్నాను నేను కూడా.
చామంతుల మీదుగా మూడు మొహాలు,
గడ్డాలతో సహా, తెల్లబడ్డ చెంపలతో సహా.
లైటు కింద ఇంత తీరిగ్గా
వీళ్ళ మొహాలు ఎప్పుడూ చూడలేదు.
చలికి కిటికీ వేస్తానంటే
ఉండనీ, అన్నారు.

రెండో ముద్ద.
కింది పోర్షన్‌కి ఎవరో వచ్చి బెల్లు కొట్టారు.

నలుగురం లేచాం.
ఒక్కసారే, కుర్చీలు వెనక్కి నెట్టి,
ఎంగిలిచేతులు గాల్లో పట్టుకుని.
బల్ల కదిలి ఓ సీసా దొర్లింది,
ఊదా పువ్వు పెరుగులో పడింది.

ఎవరి మంచమే? అంది ఖుర్షీద్.

ఎవరిదీ కాదు.
కూర్చోండి.